హైమవతి దాచిన సూది

నేను ఒక సూదిని. అట్టకు గుచ్చి అమ్మే చిన్న సూదిని కాదు, బస్తాలు కుట్టే దబ్బనాన్నీ కాదు. ఆ రెండింటికీ మధ్య రకం. నాలుగైదు పొరల గుడ్డను ఒక్క పోటుతో దాటగల బొంత సూదిని. మీ ఇంట్లోనూ నాలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. ఎక్కడుందని అడిగితే మాత్రం మీరు చెప్పలేరు. మనుషులకు మేము గుర్తొచ్చేది గుండీ ఊడినప్పుడు, లేదా కాలికి గుచ్చుకున్నప్పుడు. మిగతా కాలమంతా మేము లేనట్టే లెక్క.

ఉక్కు తీగను చుట్టలోంచి లాగి, తెగ్గోసి, సానబట్టి, నిప్పుల్లో కాల్చి, నూనెలో ముంచి నన్ను తయారుచేశారు. అంత కాల్చడం దేనికంటే గట్టిపడటానికట. గట్టిపడ్డ వస్తువు వంగదు. వంగాల్సి వచ్చినప్పుడు విరుగుతుంది. ఈ సంగతి తయారుచేసినవాళ్ళకు తెలుసు, మాకు తెలుసు. కొనుక్కున్నవాళ్ళే పట్టించుకోరు.

నన్ను కొన్నది ప్రభావతి. రాజమండ్రి మెయిన్ రోడ్డు పక్క సందులో ఒక దారాల కొట్టుంది. కొట్టువాడు పొట్లం విప్పి సూదులన్నీ పళ్ళెంలో పోస్తే, ఒక్కొక్కదాన్నీ గోటి మీద రాసి చూసి నన్ను ఏరుకుంది. "ఏమ్మా, పెళ్ళికొడుకుని చూస్తున్నారా?" అన్నాడు కొట్టువాడు. "పెళ్ళికొడుకునైతే ఇంత చూడక్కర్లేదయ్యా, మావాళ్ళే చూసేస్తారు" అంది ప్రభావతి.

ఆవిడ చేతిలో చాలా ఏళ్ళు పనిచేశాను. చుట్టుపక్కల ఏ ఇంట్లో పసిబిడ్డ పుట్టినా పాత నేతచీరలు తెచ్చి ఆవిడ ముందు పెట్టేవారు. పసిబిడ్డ ఒంటికి కొత్తగుడ్డ గరుకు. పదేళ్ళు కట్టి ఉతికిన చీరైతే వెన్నలా ఉంటుంది. పైన చీర, లోపల పాత పంచెలు, అడుగున మళ్ళీ చీర పరచి, కదలకుండా టాకాలు వేసి, అంచు నుంచి నడిమికి వరసలు కుట్టుకుంటూ వచ్చేది. ఆవిడకొక పట్టింపు ఉండేది. దారం లేని సూదిని కింద పెట్టనిచ్చేది కాదు. పని ఆపితే జానెడు ఎర్రదారం నా బెజ్జంలో ఉండి తీరాలి. "సూది కనపడదు, దారం కనపడుతుంది" అని చెల్లెలు హైమవతికి వందసార్లు చెప్పి ఉంటుంది.

హైమవతికి ఒక్కసారి చెప్తే చాలు. డిగ్రీ చదివి, పెళ్ళి చేసుకుని, ఇల్లు దిద్దుకున్న మనిషి. ఆవిడ వంటింట్లో డబ్బాల మూతలు ఏ డబ్బావి ఆ డబ్బాకే ఉంటాయి. ఎవరైనా కుట్టిన జాకెట్టు చూస్తే ముందు లోపలివైపు తిప్పి చూస్తుంది. తోటికోడలు ఒకసారి బొంతలో గుండుసూది వదిలేస్తే, "పసిపిల్లల దగ్గర అంత అజాగ్రత్త ఏంటి? నాకైతే ముద్ద దిగదు" అని పదిమందిలో అనేసింది. ఆ తోటికోడలు తర్వాత మళ్ళీ సూది పట్టుకోలేదు. తప్పులేని మనుషులతో వచ్చే చిక్కే అది. వాళ్ళ పక్కన కూర్చుంటే ఎదుటివాళ్ళ చేతులు వణుకుతాయి.

ప్రభావతి పోయాక నేను హైమవతి చేతికి వచ్చాను. నాతోపాటు ఒక చీర కూడా వచ్చింది. వంగపండు రంగు నేతచీర, ఆవపువ్వు రంగు అంచు. ప్రభావతి కూతురు మృదుల అప్పటికి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. అక్కడే కరీంనగర్ పిల్లాడు నరేందర్‌ని ఇష్టపడి చేసుకుంది. పెళ్ళిపీటల మీద తల్లి స్థానంలో కూర్చున్నది హైమవతే.

తరువాత మృదుల కడుపుతో ఉంది. మొదటి పురుడు పుట్టింటివాళ్ళు పోయాలి. తండ్రి కూడా లేని మృదులకు పుట్టిల్లంటే పిన్ని ఇల్లే. అప్పుడే హైమవతి మొగుడు మేడమీద గదులు మొదలుపెట్టాడు. "ఇల్లంతా సిమెంటు దుమ్మమ్మా, పసిబిడ్డకు పడదేమో" అని ఫోన్లో చెప్పింది హైమవతి. మృదుల "ఫర్వాలేదు పిన్నీ, అత్తమ్మ చూసుకుంటానన్నారు" అంది. ఫోను పెట్టేశాక హైమవతి చాలాసేపు గట్టు తుడుస్తూ నిలబడింది. తుడవడానికి ఆ గట్టు మీద ఏమీ లేదు.

పాప పుట్టిందని కబురు వచ్చిన రోజునే వంగపండు చీర తీసింది. ఆ బొంత కుట్టినంతకాలం ఆవిడ వేళ్ళలో ఒక తొందర ఉండేది. పిల్లకు చెయ్యాల్సింది చెయ్యనందుకు ఇదైనా చేద్దామన్న తొందర. అంత దగ్గర కుట్లు ఆవిడ ఎన్నడూ వెయ్యలేదు. ఒక వరస కాస్త వంకరగా వస్తే విప్పేసి మళ్ళీ కుట్టేది. అందుకే బయల్దేరే రోజుకి ఒక అంచు మిగిలిపోయింది.

నరేందర్ విమానానికి టికెట్టు కొన్నాడు. ఆవిడ మోకాళ్ళ నొప్పులతో రాత్రంతా బస్సులో కూర్చోలేదని. హైమవతి విమానమెక్కడం అదే మొదలు. పెట్టెలో సున్నుండలు, బాలింతకు తినిపించే కాయం, పాపకు గౌన్లు సర్దుకుంది. బొంతను మాత్రం గుడ్డసంచిలో పెట్టి చేత్తో పట్టుకుంది. మధురపూడి విమానాశ్రయంలో ఎదురుచూసే టైములో, విమానంలో ఉండే టైములో అంచు పూర్తిచేయవచ్చని ఆవిడ ఆలోచన. సంచిలో చిన్న దారపు కత్తెర, దారపు రీలు. బొంతకు గుచ్చి ఎర్రదారంతో నేను.

పెట్టె బెల్టు మీద నల్లపరదా లోపలికి వెళ్ళిపోయాక, అప్పుడు కనపడింది గోడ మీది బోర్డు. విమానంలోకి తీసుకుపోకూడని వస్తువుల బొమ్మలు. సూది బొమ్మ ఉందో లేదో హైమవతి చూడలేదు. ఆవిడ కళ్ళు కత్తెర బొమ్మ మీదే ఆగిపోయాయి. "కత్తెర పోతే పోయింది, ఇంకోటి కొనుక్కోవచ్చు" అని గొణుక్కుంది. తర్వాత నా వంక చూసింది.

ఒక మూల కుర్చీలో కూర్చుని బొంత ఒళ్ళో పరుచుకుంది. ఎర్రదారం దూరానికి కూడా కనపడుతోంది. దాన్ని నా బెజ్జంలోంచి లాగేసింది. ఆవపువ్వు రంగు అంచు దగ్గర గుడ్డ మడతపడి మందంగా ఉంటుంది. ఆ మడత లోపలికి నన్ను మొన ముందు పెట్టి, వేలితో నెట్టి, పూర్తిగా దూర్చేసింది. పైనుంచి చేత్తో రాసి చూసింది. ఏమీ తగల్లేదు. ఆవిడ మొహంలో అప్పుడు కనపడ్డ తృప్తిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ జాలేస్తుంది. పని అంత శుభ్రంగా చేసింది.

తనిఖీ దగ్గర ఉన్నది శ్రీకాకుళంవైపు అమ్మాయి. యూనిఫాంలో నిటారుగా నిలబడి ఉంది, నవ్వుతుంటే మాత్రం ఇంట్లో ఆడపిల్లలాగే ఉంది.

"ఏటమ్మా ఈ మూట?"

"బొంతండి. పసిపాపకి."

"మనవరాలా?"

"మా అక్క మనవరాలండి."

"ఎంత బావుందో! సంచిలో కత్తెరున్నట్టుందే, తియ్యండోపాలి."

హైమవతి వెంటనే తీసిచ్చింది.

"ఇది కుదర్దమ్మా. బయట మీవోళ్ళెవరైనా ఉంటే ఇచ్చొచ్చియ్యండి. లేదంటే ఆ డబ్బాలో ఎయ్యాలి."

"ఎవరూ లేరండి. వేసేస్తాను."

కత్తెర డబ్బాలో ఠంగుమని పడింది. తను చట్టానికి కట్టుబడ్డ మనిషినన్నట్టు హైమవతి కొంగు సర్దుకుంది.

"కత్తెర తెచ్చారు, మరి సూదేదమ్మా?" ఆ అమ్మాయి ఊరికే, హాస్యానికి అడిగింది.

"సూదా... లేదండి. సూది పెద్ద పెట్టెలో వేసేశాను."

"అయ్యో, ఎందుకేసేరు? సూదిని నేనేటంటాను? కూకుని నాలుగు కుట్లేసుకుందురు."

హైమవతి నవ్వింది. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే చెవులు ఎర్రబడ్డాయి. నన్ను దాచనక్కరలేదు. అబద్ధం ఆడనక్కరలేదు. కానీ ఆడేసింది. ఇప్పుడు వెనక్కి తిరిగి "ఉందమ్మా, బొంతలోనే ఉంది" అంటే ఆ పిల్ల ఏమనుకుంటుంది?

అవతలికి వెళ్ళి కూర్చోగానే నాకోసం వెతికింది. అంచు మడత వెంట వేలు నడిపింది. దొరకలేదు. మాకొక గుణముంది. దారం లేకపోతే మేము ఉన్నచోట ఉండం. గుడ్డ కదిలినప్పుడల్లా మొన ఎటుంటే అటు నడుస్తాం. సంచి ట్రేలో పడి, బెల్టు మీద జారి, మళ్ళీ చేతికొచ్చేలోపు నన్ను దూర్చినచోటునుంచి జానెడు లోపలికి వెళ్ళిపోయాను. రెండు కుట్టు వరసల మధ్య, మూడు పొరల కింద ఉన్నాను. ఆవిడ వేళ్ళు నా మీదుగా రెండుమూడుసార్లు వెళ్ళాయి. ఇంతలో విమానానికి పిలిచారు.

"పడిపోయుంటుంది" అంది తనలో తను. "ఆ ట్రేలో పడిపోయుంటుంది."

అది రెక్కలకు పంకాలున్న చిన్న విమానం. తల మీద సామాన్ల అర కూడా చిన్నదే. హైమవతి సంచిని ఓ పక్కగా పెట్టింది. వెనకాలే పూతరేకుల పెట్టెలు మోసుకుంటూ ఒక పెద్దమనిషి వచ్చాడు. "కాస్త జరుపుతానండీ" అని జవాబు కోసం చూడకుండా తన గట్టి సూట్‌కేసు లోపలికి దూర్చి, అర మూతపడక, భుజంతో ఒక్క తోపు తోశాడు. పూతరేకులు మాత్రం ఒళ్ళో పెట్టుకున్నాడు, విరిగిపోతాయని.

నేను విరిగాను.

నొప్పి సంగతి నాకు తెలియదు. నా మొన నాకు దూరమైందని మాత్రం తెలిసింది. బెజ్జం ఉన్న సగం అక్కడే ఉండిపోయింది. మొన ఉన్న సగం పంచె పొరలోంచి జారి బొంత నడిమికి ప్రయాణం పెట్టుకుంది. కింద సీట్లో హైమవతి కిటికీలోంచి గోదావరిని చూడలేదు. కళ్ళు మూసుకుని "పడిపోయుంటుంది" అన్న మాటనే దిద్దుకుంటోంది.

హైదరాబాదులో మృదుల అత్తగారు భూలక్ష్మి గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"రా వదినె, రా. గాలిమోటరెక్కి వచ్చినవట! భయమైందా?"

"భయమేం లేదొదినా" అంది హైమవతి.

మృదుల పాపను ఎత్తుకునే వచ్చి పిన్నిని వాటేసుకుంది. మధ్యలో నలిగి పాప కయ్యిమంది. హైమవతి సంచిలోంచి బొంత తీసి పరిచింది. మృదుల ఆ వంగపండు రంగు మీద చెయ్యి వేసి అలాగే కూర్చుండిపోయింది. భూలక్ష్మి వంగి చూసింది.

"ఇది మీ అమ్మ చీరనా?"

"అవునత్తమ్మా."

"పోయినామె చీర బిడ్డ కింద ఎయ్యద్దంటరు మా దిక్కు."

"మా అమ్మది అత్తమ్మా. మా అమ్మ చీర నా పాపకు చెడు చేస్తుందా?"

భూలక్ష్మి కోడలి మొహం చూసి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచించింది. "నువ్వన్నది గూడ నిజమే. సరే తియ్యి, నీ బిడ్డ, నీ అమ్మ. నడుమ నాదేముంది" అంది. పురుడు పోసిన చేతులవి. ఆవిడ మాటకు ఆ ఇంట్లో బరువుంది. మృదులకు గెలిచినంత సంబరం వేసింది.

హైమవతి భూలక్ష్మి దగ్గర ఒక సూది అడిగి తీసుకుని మిగిలిన అంచు కుట్టేసింది. "నీ సూది తెచ్చుకోలేదా వదినె?" అంటే, "మర్చిపోయాను" అంది. అది రెండో అబద్ధం. మొదటిదాని కంటే తేలిగ్గా వచ్చింది. కుడుతూ కుడుతూ బొంతంతా నొక్కి చూసింది. అరచేత్తో, మోచేత్తో, చెంపతో కూడా. నేనున్నచోట కుట్లు మరీ దగ్గరగా పడ్డాయి. గుడ్డ అట్టలా బిగుసుకుపోయింది. ఆవిడ పనితనమే నన్ను ఆవిడకు దొరక్కుండా చేసింది.

అంచు పూర్తయిందో లేదో మృదుల పాపను తెచ్చి దాని మీద పడుకోబెట్టింది. "నరేందర్, ఫోను తీసుకురా, ఫొటో తియ్యి!" హైమవతి ఒక్క అంగలో వచ్చి పాప వీపు కింద తన అరచెయ్యి పెట్టింది. ఫొటో తీసినంతసేపూ తియ్యలేదు.

"చెయ్యి తియ్యి పిన్నీ, ఫొటోలో పడుతోంది."

"ఉండనీవే. మెడ ఇంకా నిలవలేదుగా."

"ఎంత పావురమో!" అంది భూలక్ష్మి మెచ్చుకోలుగా. వాళ్ళ మాటలో పావురమంటే ప్రేమ. నరేందర్ ఆ ఫొటో అందరికీ పంపాడు. అమ్మమ్మ చీర మీద పాప, పాప కింద చిన్నమ్మమ్మ చెయ్యి. చూసినవాళ్ళందరూ ఎంత ప్రేమో అని రాశారు. హైమవతి ఆ మాటలు చదివి ఫోను బోర్లా పెట్టేసింది.

మర్నాడు పాపను ఉయ్యాల్లో వేసే వేడుక. చుట్టుపక్కల ఫ్లాట్ల ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. బంతిపూలు చుట్టిన కర్ర ఉయ్యాల హాలు మధ్యలో ఉంది. భూలక్ష్మి పాపకు కాటుక చుక్క దిద్దుతోంది. మృదుల పట్టుచీరలో, బొంతను గుండెకు హత్తుకుని వచ్చింది. నాలుగు మడతలు పెట్టి ఉయ్యాల్లోకి దించబోయింది.

"ఆగమ్మా. అది వెయ్యకు."

హైమవతి గొంతు ఆవిడ అనుకున్న దానికంటే గట్టిగా వచ్చింది. అందరూ తిరిగి చూశారు.

"ఎందుకు పిన్నీ?"

"ఉతకలేదు."

"వేడినీళ్ళలో ఉతికి ఎండేశానని ఫోన్లో నువ్వేగా చెప్పావు?"

"అంటే... దారిలో దుమ్ము పట్టుంటుంది."

మృదుల అత్తగారి వైపు చూసింది. "అత్తమ్మా, పిన్నితో ఏమైనా అన్నారా?"

"అగో! నేనేమంటి? నిన్ననే సై అంటి గద. నా మీద ఎందుకేస్తున్నరు?" భూలక్ష్మి కాటుక వేలు గాలిలో ఆగిపోయింది.

"అయితే నీకే ఇష్టం లేదన్నమాట." మృదుల మెల్లగా అంది. మెల్లగా అన్నా హాలంతా వినపడింది. "పురుటికి తీసుకెళ్ళలేదు. దుమ్మన్నావు, సరే అనుకున్నాను. ఇప్పుడు మా అమ్మ చీర దగ్గర కూడా దుమ్మేనా పిన్నీ?"

ఇంక హైమవతికి దారి లేదు. నోరు మూసుకుంటే, అక్క చీరను అశుభమనుకుందని పిల్ల జీవితాంతం నమ్ముతుంది. నోరు తెరిస్తే, ఇన్నేళ్ళుగా ఇతరుల కుట్లు తిప్పి చూసిన మనిషి పదిమందిలో నిలబడాలి. ఆవిడ తడబడుతుందేమో అనుకున్నాను. లేదు.

"అందులో సూది ఉంది" అంది.

ఉయ్యాల పక్కన కూర్చున్న ఒకావిడ తన ఒళ్ళోని పిల్లాణ్ణి దగ్గరకు లాక్కుంది.

"ఏ సూది?"

"మీ అమ్మది. విమానం తనిఖీలో తీసేసుకుంటారేమోనని దాచాను. దారం కూడా తీసేశాను. మళ్ళీ దొరకలేదు. పడిపోయిందనుకున్నాను. అనుకోవాలని చూశాను."

"నిన్న పాపని దీని మీద పడుకోబెట్టాం."

"అవును."

"నువ్వు అక్కడే ఉన్నావు."

"చెయ్యి పెట్టాను..."

"చెయ్యి పెట్టావు!" మృదుల బొంతను ఒంటికి దూరంగా పట్టుకుంది. "నోరు పెట్టి ఒక్క మాట చెప్పలేకపోయావా?"

 

భూలక్ష్మి ముందుగా తేరుకుంది. పాపను కోడలి చేతికిచ్చి, బొంతను నేల మీద పరిచింది. "ఊకె నిలబడితే దొరుకుతదా? రాండ్రి, పట్టుండ్రి." ఆడవాళ్ళు చుట్టూ చేరారు. నరేందర్ ఫ్రిజ్జుకు అంటించిన మామిడిపండు బొమ్మ అయస్కాంతం ఊడబీక్కొచ్చి బొంత మీద అటూ ఇటూ తిప్పాడు. అది ఒకావిడ గాజుకున్న పిన్నీసును పట్టుకుంది. "గది ఎక్కడ పెట్టాల్నో గక్కడ పెట్టు బిడ్డా" అంది భూలక్ష్మి. ఆ ఉద్రిక్తతలోనూ ఒకరిద్దరు నవ్వాపుకోలేకపోయారు.

చివరికి దొరికింది భూలక్ష్మి బొటనవేలికే. "ఇగో! గుచ్చుకుంటలేదు గని, గట్టిగ తాకుతుంది." బ్లేడుతో రెండు కుట్లు కోసి నన్ను బయటికి లాగింది. హాలంతా ఊపిరి వదిలింది. "దొరికె కదా. ఇగ పోనియ్యి వదినె. పొల్లను ఎయ్యుండ్రి, మంచి యాళ్ళ దాటుతది."

నన్ను హైమవతి అరచేతిలో పెట్టారు. మామూలు సూది అంత పొడవున్నాను. బెజ్జం ఉంది. చూసినవాళ్ళెవరికీ అనుమానం రాలేదు. నా పూర్తి పొడవు తెలిసినది ఆ గదిలో ఒక్క హైమవతికే. ఆవిడ నన్ను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని చివర చూసింది. మొన లేదు. విరిగిన ఉక్కు తెల్లగా మెరుస్తోంది.

నేను ఆ వేళ్ళ మధ్య ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. ఆ గుప్పిట ఒక్కసారి మూసుకుంది. దొరికిందని అందరూ అంటున్నారు. పిల్ల కళ్ళలో కోపం కాస్త దిగుతోంది. "బొంత పాడైంది, తీసుకెళ్ళి బాగుచేసి పంపిస్తాను" అంటే చాలు. పాపకు ముప్పూ ఉండదు, తనకు రెండోసారి తలవంపూ ఉండదు.

గుప్పిట తెరుచుకుంది.

"ఇది సగమే" అంది హైమవతి. "విరిగింది. మొన ఇంకా లోపలే ఉంది."

భూలక్ష్మి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత లోపలికి వెళ్ళి, కట్టి కట్టి పల్చబడ్డ తన ఆకుపచ్చ నూలుచీర తెచ్చి మడతలు పెట్టింది. "ఇది నాది. దీంట్ల సూది లేదు, దబ్బనం లేదు." కోడలి వైపు చూసి, "ఎయ్యనా బిడ్డా?" అని అడిగింది. మృదుల తల ఊపింది. పాప నానమ్మ చీర మీద పడుకుంది. ఆడవాళ్ళు పాట అందుకున్నారు. హైమవతి గోడ పక్కన ఒళ్ళో బొంతతో కూర్చుని పాట విన్నది. ఆవిడ నోరు కదిలింది గాని పాట రాలేదు.

భోజనాలయ్యి అందరూ వెళ్ళాక విప్పడం మొదలుపెట్టింది. నా పనంతా బ్లేడు విప్పుకుంటూ పోతుంటే చూస్తూ పడి ఉన్నాను. ఒక్కొక్క కుట్టూ కోసి, దారం పీకి, పొర తీసి, వెలుతురుకు పట్టి చూసేది. కాసేపటికి మృదుల వచ్చి ఎదురుగా కూర్చుని గుడ్డ రెండో కొస పట్టుకుంది. బిగదీసి పట్టుకుంటే కోయడం సులువని పట్టుకుందంతే.

సగం బొంత విప్పాక హైమవతి అంది. "దుమ్ము ఒక సాకు. మేడమీద పని మూడు నెలలు ఆపుకోవచ్చు. మీ బాబాయి ఆపుదామనే అన్నారు. నాకే భయమేసింది. నీ పురుడు, నీ అత్తవారి రాకపోకలు, ఏదైనా తేడా వస్తే మాట పడాలి. అందుకని రమ్మనలేదు."

"తెలుసు" అంది మృదుల.

"తెలుసా?"

"ఫోన్లో రాళ్ళు దింపే చప్పుడు, పనివాళ్ళ కేకలు ఏవీ వినపడలేదు పిన్నీ. పని అంత జోరుగా లేదని అప్పుడే అర్థమైంది."

హైమవతి చేతిలో బ్లేడు ఆగింది. మళ్ళీ కదిలింది.

మొన ఉన్న నా సగం చివరి పంచె పొరలో, సరిగ్గా నడిమధ్యన దొరికింది. పాప వీపు ఆనే చోట. నిటారుగా పైకి తిరిగి ఉంది. మృదుల దాన్ని చూసి లేచి లోపలికి వెళ్ళిపోయింది. పాపను ఎత్తుకుని తిరిగొచ్చేదాకా హైమవతి అలా వంగే ఉంది.

నా రెండు ముక్కలనూ చెత్తబుట్టలో వెయ్యబోతే భూలక్ష్మి అడ్డుపడింది. "చెత్త తీస్కపోయేటోళ్ళ చేతులకు గుచ్చుకుంటది వదినె." ఖాళీ మాత్రల డబ్బా ఒకటి ఇచ్చింది. అందులో వేసి, మూత బిగించి, ప్లాస్టరు చుట్టి, వంటింటి అటక మీద పెట్టారు. ఇప్పుడు నేనుండేది ఇక్కడే. డబ్బా పారదర్శకం కాబట్టి తలుపులోంచి నాకు హాలు సగం కనపడుతుంది.

హైమవతి ఆ వారం వెనక్కి పోలేదు. మొదటి రెండు రోజులు ఆవిడ పాపను ఎత్తుకోబోతే మృదుల చూపు ముందు ఆవిడ కొంగు మీదికి, జాకెట్టు పిన్నుల మీదికి వెళ్ళేది. కావాలని చూసేది కాదు. చూపు అటు పోయేది. హైమవతి అది గమనించింది. గమనించకుండా ఉండగల మనిషి కాదు. మూడోరోజు నుంచి ఒంటి మీద ఒక్క పిన్నీసు కూడా లేకుండా, కొంగు నడుముకు దోపుకుని తిరగసాగింది. మంగళసూత్రానికి గుచ్చుకున్న పిన్నులు కూడా తీసి దేవుడి గూట్లో పెట్టింది. పాపను ఎత్తుకోవడానికి మాత్రం తనంతట తాను చేతులు చాచలేదు.

వంగపండు చీర ఉతికి ఆరేశారు. వరసలు వరసలుగా కుట్టు రంధ్రాలు, చీమలు నడిచిన జాడల్లా ఉన్నాయి. మృదుల దాన్ని రెండు రోజులు దండెం మీదే ఉంచింది. నిన్న తీసి, మడతపెట్టి, పిన్ని ముందు పెట్టింది.

"మళ్ళీ కుట్టు."

హైమవతి తల ఎత్తింది. "నేనా?"

"మా అమ్మలాగ ఇంకెవరు కుడతారు? కానీ నా ఎదురుగా కూర్చుని కుట్టు."

అది క్షమించడమో కాదో నాకు తెలియదు. హైమవతికీ తెలిసినట్టు లేదు. పెద్ద బజారుకెళ్ళి కొత్త సూది కొనుక్కొచ్చింది. ఈ ఉదయం నుంచి హాల్లో చాప మీద పిన్నీ కూతురూ ఎదురెదురుగా కూర్చున్నారు. టాకాలు పూర్తయ్యాయి, మొదటి వరస పడుతోంది. ఫోను మోగినా, మంచినీళ్ళు కావాలన్నా, హైమవతి లేచేముందు సూదిని మృదుల అరచేతిలో పెడుతోంది. మృదుల దాన్ని బెజ్జం నుంచి మొన దాకా వేలితో తడిమి చూసుకుని, అప్పుడు గుప్పిట మూస్తోంది.